బడి విరాళాల వెబ్‌సైట్: చివరి పేజీతో మొదలు

బడిలో జరిగే విరాళాల కార్యక్రమానికి వెబ్‌సైట్ అంటే, హంగులన్నీ పక్కన పెట్టి చూస్తే, నలుగురికీ కనిపించే రసీదు పుస్తకం. ఎవరు ఎంత ఇచ్చారు, ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది, దేనికి ఖర్చయింది అన్న మూడు ప్రశ్నలకు అది జవాబు చెప్పాలి. తేదీ ప్రకటించడం, టికెట్లు అమ్మడం, పనికి వచ్చేవారి పేర్లు రాసుకోవడం వంటివన్నీ ఆ పుస్తకం చుట్టూ అల్లుకునే పనులే.

మన బడులకు విరాళాల సేకరణ కొత్త కాదు. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న జరిగే సాయుధ దళాల పతాక దినానికి పిల్లలు చిన్న చిన్న జెండాలు అమ్మి డబ్బాలో డబ్బు వేయించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. లెక్క రాయడంలో వెబ్‌సైట్‌కు దగ్గరి చుట్టం మాత్రం డబ్బా కాదు, పెళ్లిలో చదివింపుల పుస్తకం. పందిట్లో ఒకరు డబ్బు అందుకుంటారు, పక్కనే మరొకరు పేరు, ఊరు, మొత్తం రాస్తారు. రాత్రికి ఇద్దరూ కూర్చుని సరిచూసుకుంటారు. డబ్బు పట్టే చేయి, రాసే చేయి వేరుగా ఉండాలన్న ఆ జాగ్రత్త కంప్యూటర్ల కాలంలోనూ పద్దుల భద్రతకు మొదటి సూత్రం.

ప్రతి కార్యక్రమానికీ వెబ్‌సైట్ అక్కర్లేదు. నూరు కుటుంబాలున్న చిన్న బడికి ఒక వాట్సాప్ గ్రూపు, ఒక గూగుల్ ఫారం, బ్యాంకు ఇచ్చిన క్యూఆర్ కోడ్ చాలు. టికెట్ల సంఖ్యకు పరిమితి ఉన్నప్పుడు, దాతల్లో ఊరి బయటివాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు, ప్రతి దాతకూ విడిగా రసీదు పంపాల్సి వచ్చినప్పుడు అసలు అవసరం మొదలవుతుంది. జిల్లా కేంద్రంలో 800 మంది చదివే ఒక బడి, పక్క ఊళ్లోని ప్రభుత్వ పాఠశాలకు గ్రంథాలయం ఏర్పాటు చేయడానికి ఫుడ్ మేళా పెడుతోందని అనుకుంటే లెక్కలు తేలిగ్గా అర్థమవుతాయి.

చివరి పేజీ

చాలా బడుల్లో పని ముఖపత్రం రంగులతో మొదలవుతుంది. వరస తిరగేయాలి. కార్యక్రమం ముగిసిన వారానికి వెబ్‌సైట్‌లో కనిపించాల్సిన లెక్కల పేజీని ముందుగా కాగితం మీద గీసుకోవాలి. ఎడమవైపు వచ్చినవి: విరాళాలు, టికెట్లు, స్టాళ్ల అమ్మకాలు. కుడివైపు పోయినవి: షామియానా, గ్యాసు, ప్లేట్లు, అచ్చు ఖర్చు, గ్రంథాలయానికి ఇచ్చిన మొత్తం. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో లూకా పచోలీ వివరించిన జంట పద్దుల పద్ధతి వెనకున్న ఆలోచన ఇదే. రెండు వైపులా సరిపోకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు.

ఆ పేజీలో ప్రతి అంకె వెనుకా ఏ వివరం ఉండాలో చూసుకుంటే ఫారంలో ఏ గడులు కావాలో తేలిపోతుంది. రసీదు సంఖ్య, తేదీ, మొత్తం, డబ్బు వచ్చిన దారి, బ్యాంకు లావాదేవీ సంఖ్య, ఉద్దేశం. ఈ ఆరు కాక పేరు, ఫోను నంబరు. పుట్టినరోజు, వృత్తి వంటి గడులు లెక్కల పేజీలో ఎక్కడా అక్కరకు రావు కాబట్టి ఫారంలోనూ వాటికి చోటు లేదు. అడగని ప్రశ్నకు రెండు లాభాలు: ఫారం నింపేవాడు విసుగెత్తి మధ్యలో వెళ్లిపోడు, దాచాల్సిన వివరం ఉండదు.

ఉద్దేశం అన్న గడిని తేలిగ్గా తీసుకోకూడదు. 'సేవా కార్యక్రమాలకు' అని రాస్తే లెక్క చెప్పడం అసాధ్యం. 'ఫలానా పాఠశాలకు 12 బీరువాలు, 2,000 పుస్తకాలు, 40 కుర్చీలు' అని రాస్తే చివరికి ఎన్ని బీరువాలు చేరాయో ఎవరైనా లెక్కపెట్టగలరు. అనుకున్నదానికన్నా ఎక్కువ వస్తే ఏం చేస్తారో, తక్కువ వస్తే ఏం చేస్తారో కూడా అదే పేజీలో ముందుగానే ఒక వాక్యం ఉండాలి. తర్వాత చెప్పే సమాధానం ఎంత నిజమైనా సంజాయిషీలా వినిపిస్తుంది.

తేదీ కూడా వెనక నుంచే లెక్కించాలి. అక్టోబర్ 2 నుంచి 8 దాకా దేశమంతా జరిగే దాన్ ఉత్సవ్ 2009లో మొదలైంది. ప్రచారానికి ఆ వారం బాగుంటుంది కానీ, తెలుగు రాష్ట్రాల్లో చాలా ఏళ్లు దసరా సెలవులు అప్పుడే పడతాయి. జనవరిలో సంక్రాంతి, ఆ తర్వాత పరీక్షల హడావిడి. నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ చివరి దాకా ఉండే వ్యవధే బడులకు మిగిలేది. డిసెంబర్ మొదట్లో మేళా అనుకుంటే అక్టోబర్ మొదటికి బ్యాంకు కాగితాలు, ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థ కాగితాల పని మొదలు కావాలి. వెబ్‌సైట్ తయారీకన్నా ఎక్కువ రోజులు తినేది ఆ కాగితాలే.

ఎవరి ఖాతా, ఎవరి డబ్బు

విరాళం ఏ వ్యక్తి సొంత ఖాతాలోకీ పోకూడదు. ప్రైవేటు బడి అయితే దాన్ని నడిపే ట్రస్టు లేదా సొసైటీ ఖాతా, ప్రభుత్వ బడి అయితే 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడిన యాజమాన్య కమిటీ ఖాతా ఉంటాయి. చెల్లింపు చేసే ముందు ఫోనులో కనిపించే పేరు, వెబ్‌సైట్ మీద ఉన్న పేరు ఒకటే కావాలి. 'ఫలానా ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు కనిపిస్తుంది, అదే సరైనది' అని ముందుగా చెప్పడం వల్ల మోసగాళ్ల నకిలీ కోడ్‌లు చాలావరకు అక్కడే పట్టుబడతాయి.

పన్ను మినహాయింపు విషయంలో వెబ్‌సైట్లు తరచూ తొందరపడతాయి. 80జి అన్న పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు, ఆదాయపు పన్ను శాఖ వద్ద దానికోసం నమోదైన సంస్థలకు ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. రూ.2,000 మించిన నగదు విరాళానికి అది రాదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఉపయోగం. బిర్యానీ టికెట్ కొన్న డబ్బు విరాళం కాదు, ఎందుకంటే దానికి బదులుగా బిర్యానీ వచ్చింది. అందువల్ల టికెట్ల చెల్లింపు, విరాళాల చెల్లింపు రెండు వేర్వేరు బొత్తాల కింద, రెండు వేర్వేరు రసీదు వరసల్లో ఉండాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. రసీదు మీద నంబరు అచ్చు వేసే ముందు ఆడిటర్‌కు చూపించడం మేలు.

తెలుగువాళ్ల బడులకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పూర్వ విద్యార్థులతో. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పాత విద్యార్థి వెబ్‌సైట్ చూసి ముచ్చటపడి డబ్బు పంపుతానంటాడు. అతని దగ్గర భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేదా అనుమతి పొందిన సంస్థలే అలాంటి డబ్బు తీసుకోగలవు. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మనిషి ఉంటున్న దేశం కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదే ఇక్కడ లెక్క. నమోదు లేని బడి, విరాళాల ఫారంలో ఈ ఒక్క ప్రశ్న పెట్టి, విదేశీ కార్డుల దారి మూసేసుకోవాలి. ఆ పాత విద్యార్థి తన ఊళ్లోని అన్నయ్యకు చెప్పి ఇప్పించినా మూలం మారదు కాబట్టి చిక్కు తీరదు.

డబ్బుకు బదులు వస్తువులో, సమయమో ఇవ్వదలచినవారికి కేంద్ర విద్యాశాఖ నడిపే విద్యాంజలి పోర్టల్ ఉంది. ప్రభుత్వ బడికి గ్రంథాలయం వంటి లక్ష్యమైతే దానికి దారి చూపే ఒక లింకు పెట్టడం వల్ల పోయేదేమీ లేదు.

పేరు, చోటు, బరువు

ప్రపంచవ్యాప్త వెబ్‌కు టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో రూపకల్పన చేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ పరిజ్ఞానాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అందుకే ఈనాడు ఒక బడి వెబ్‌సైట్ పెట్టుకోవడానికి ఎవరికీ లైసెన్సు రుసుం కట్టనక్కర్లేదు. ఖర్చయ్యేది పేరుకు, చోటుకు.

పేరు ఫోనులో చెబితే అవతలివారు తప్పులేకుండా రాసుకోగలిగినట్టు ఉండాలి. కొత్త పేరు కొనడం కన్నా బడికి ఇప్పటికే ఉన్న వెబ్‌సైట్ కింద ఒక ఉపనామం పెట్టుకోవడం మంచిది. కొత్త పేరు ఏడాదికోసారి పునరుద్ధరించాలి. మేళా అయిపోయాక ఎవరికీ గుర్తుండదు, గడువు దాటిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత కరపత్రం మీది కోడ్ స్కాన్ చేస్తే జూదం ప్రకటన తెరుచుకోవడం ఇలాగే జరుగుతుంది.

చోటు విషయానికి వస్తే, సర్వర్ మీద పడే ఒత్తిడిని గుణకారంతో అంచనా వేయవచ్చు. రాత్రి ఎనిమిదింటికి తరగతి గ్రూపులన్నిటిలో లింకు పెట్టారనుకుంటే, రెండు నిమిషాల్లో 400 మంది తెరుస్తారు. అంటే సెకనుకు మూడుకు పైగా. పేజీ బరువు 3 మెగాబైట్లయితే సెకనుకు 10 మెగాబైట్లు, అనగా 80 మెగాబిట్లు బయటకు పోవాలి. చవక సర్వర్ అక్కడే చతికిలబడుతుంది. అదే పేజీని 300 కిలోబైట్లకు కుదిస్తే 8 మెగాబిట్లు చాలు. బరువంతా ఎక్కడుంటుందో కూడా తెలిసిందే: ఫోనుతో తీసి అలాగే ఎక్కించిన ఫొటోలో. ఒక్కో ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. దాన్ని తెర వెడల్పుకు తగ్గించి కుదిస్తే 100 కిలోబైట్లకు దిగుతుంది, కంటికి తేడా తెలియదు.

అందరికీ ఒకేలా కనిపించే పేజీలను ముందే తయారుచేసి ఉంచితే సర్వర్‌కు వడ్డించే పనే ఉంటుంది, వండే పని ఉండదు. తేదీ, స్థలం, లక్ష్యం, ప్రశ్నలు-జవాబులు ఈ కోవకు చెందినవే. చెల్లింపు, టికెట్ల లెక్క మాత్రమే అప్పటికప్పుడు వండాల్సినవి. ఈ రెంటినీ విడదీస్తే ఎనిమిదింటి తాకిడికి పేజీలు తట్టుకుంటాయి.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే మాటలను గుప్తీకరించే ధ్రువపత్రం తప్పనిసరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని సేవ 2015 నుంచి దీన్ని ఉచితంగా ఇస్తోంది. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన వెబ్‌సైట్ నమ్మదగినదని అర్థం కాదు. దారిలో ఎవరూ వినడం లేదని మాత్రమే అర్థం. దొంగ కూడా ఆ తాళం ఉచితంగానే తెచ్చుకోగలడు.

రెండక్షరాల లక్ష్మి

తల్లిదండ్రులు, తాతలు చదవాలంటే పేజీ తెలుగులో ఉండాలి. ఇక్కడ కంప్యూటర్ లెక్క, మనిషి లెక్క వేరు. 'లక్ష్మి' అన్న పేరులో కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు గుర్తు, ష, మళ్లీ పొల్లు గుర్తు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 21 బైట్లు. పేరు గడికి 30 బైట్ల పరిమితి పెట్టిన ఫారంలో లక్ష్మి పడుతుంది, ఇంటిపేరు తోడైతే మధ్యలో తెగిపోతుంది. రసీదు మీద సగం పేరు చూసిన దాత నొచ్చుకోవడం సహజం. డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లలో కట్టిన కరపత్రం నుంచి వాక్యాలు తెచ్చి అతికిస్తే వెబ్‌సైట్‌లో పిచ్చిగీతలు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. మళ్లీ టైపు చేయడమో, మార్పిడి సాధనం వాడి ప్రతి ఒత్తూ సరిచూడడమో తప్పదు.

ఎస్సెమ్మెస్‌లో రసీదు పంపితే మరో మలుపు. ఇంగ్లిష్ సందేశంలో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే పడతాయి. అది దాటితే రెండు సందేశాల ఖర్చు. రసీదును వెబ్‌సైట్‌లోనే చూపించి, ఎస్సెమ్మెస్‌లో సంఖ్య, మొత్తం మాత్రమే ఇవ్వడం పొదుపు.

నలుపు తెలుపు గళ్లు

విరాళాల్లో ఎక్కువ భాగం క్యూఆర్ కోడ్ ద్వారానే వస్తుంది. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ అతికించాలో, ఎంత సైజులో వేయాలో తెలుస్తుంది. జపాన్‌లో కార్ల విడిభాగాలను లెక్కించడం కోసం డెన్సో సంస్థలో మసహిరో హరా బృందం 1994లో దీన్ని తయారుచేసింది. మూడు మూలల్లో కనిపించే చతురస్రాలే దీని ఆయువుపట్టు. వాటి మధ్యగా ఏ దిక్కు నుంచి గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు వెడల్పులు 1:1:3:1:1 నిష్పత్తిలో ఉంటాయి. అచ్చు కాగితాల్లో మామూలుగా ఎక్కడా తగలని నిష్పత్తి ఏదా అని వెతికి మరీ దాన్ని ఎంచుకున్నారు. కెమెరా ఆ నిష్పత్తి కోసం గాలిస్తుంది, మూడు చోట్ల దొరికితే కోడ్ ఎటు తిరిగి ఉందో తేలుతుంది. అందుకే ఫోను తలకిందులుగా పట్టినా చదవగలదు.

అన్నిటికన్నా చిన్న కోడ్‌లో వరసకు 21 గళ్లు, అన్నిటికన్నా పెద్దదానిలో 177. లోపల దాచే సమాచారం పెరిగేకొద్దీ గళ్లు పెరిగి సన్నబడతాయి. సమాచారానికి తోడుగా అదనపు గళ్లలో రీడ్-సాలమన్ సంకేతాలు ఉంటాయి. వీటిని 1960లో ఇద్దరు గణితవేత్తలు రూపొందించారు. వీటి బలంతో కోడ్‌లో కొంత భాగం చెరిగినా మిగతా భాగం నుంచి పోయినదాన్ని లెక్కగట్టి తిరిగి రాబట్టవచ్చు. నాలుగు స్థాయులున్నాయి: సుమారుగా 7, 15, 25, 30 శాతం నష్టాన్ని తట్టుకునేవి. నడుమ బడి చిహ్నం పెట్టడమంటే ఆ ఓర్పులో కొంత ముందే ఖర్చు చేయడం. మేళాలో సాంబారు చుక్క పడే చోట చిహ్నం లేని కోడ్ వాడడం తెలివైన పని. సైజుకు వాడుకలో ఉన్న కొలత ఒకటుంది: ఎంత దూరం నుంచి చదవాలో అందులో పదో వంతు వెడల్పు. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు.

యూపీఐ కోడ్‌లో దాగి ఉండేది మంత్రమేమీ కాదు, ఒక చిరునామా వాక్యం: డబ్బు చేరాల్సిన ఐడీ, పేరు, కావాలంటే మొత్తం, ఆర్డరు సంఖ్య, చిన్న గమనిక. మొత్తం లేకుండా అచ్చువేసిన కోడ్ అందరికీ ఒకటే. దాంతో వచ్చిన డబ్బు ఎవరిదో తర్వాత వెతుక్కోవాలి. వెబ్‌సైట్ ప్రతి దాతకూ అప్పటికప్పుడు తయారుచేసే కోడ్‌లో ఆర్డరు సంఖ్య ఉంటుంది కాబట్టి పద్దు దానంతటదే కుదురుతుంది. 2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రారంభించిన యూపీఐలో బ్యాంకు ఖాతా నుంచి చేసే చెల్లింపు మీద 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుం సున్నా. అయినా మధ్యలో ఉండే గేట్‌వే సంస్థ తన సేవకు వేరే రుసుం అడగవచ్చు. కార్డులకైతే రుసుం, దాని మీద జీఎస్టీ రెండూ ఉంటాయి. లెక్కల పేజీలో దీనికో వరస వదలాలి. లేకపోతే వచ్చిందానికీ బ్యాంకులో పడ్డదానికీ తేడా ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

అచ్చు కోడ్ మీద మరో కోడ్ స్టిక్కరు అంటించడం పాత మోసం. మేళా రోజు గంటకోసారి ఎవరో ఒకరు ప్రతి స్టాల్ కోడ్‌నూ స్కాన్ చేసి పేరు సరిచూడాలి. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదన్న సంగతి స్టాల్‌లో నిలబడే పిల్లలకు ముందే చెప్పాలి.

డబ్బు కట్టయింది, టికెట్ రాలేదు

ఈ ఫిర్యాదు రాని వెబ్‌సైట్ లేదు. కారణం సరళమైనది. చెల్లింపు పూర్తయ్యాక దాత ఫోను తిరిగి బడి పేజీకి రావాలి, ఆ క్షణంలో సిగ్నల్ పోతే పేజీకి ఏమీ తెలియదు. కాబట్టి దాత ఫోను చెప్పే మాట మీద ఆధారపడకూడదు. గేట్‌వే సర్వర్ నేరుగా బడి సర్వర్‌కు పంపే సందేశాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ఆ సందేశం మీద గేట్‌వేకూ బడికీ మాత్రమే తెలిసిన రహస్యంతో కట్టిన ముద్ర ఉంటుంది. ముద్ర సరిపోతేనే టికెట్. స్క్రీన్‌షాట్ పంపితే టికెట్ ఇస్తామనడం ప్రమాదం. చెల్లించినట్టు బొమ్మ చూపే నకిలీ యాప్‌లు ఉన్నాయి. సరిచూడాల్సింది యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల సంఖ్యను, అదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో.

గేట్‌వే ఒకే సందేశాన్ని రెండుసార్లు పంపవచ్చు, దాత అసహనంతో బొత్తాం రెండుసార్లు నొక్కవచ్చు. ప్రతి ఆర్డరుకూ ఒకే సంఖ్య ఉంచి, ఆ సంఖ్య పేరిట రెండో రసీదు పుట్టకుండా డేటాబేస్‌లోనే అడ్డుకట్ట వేయాలి. ఒకసారి జరిగినా పదిసార్లు జరిగినా ఫలితం ఒకటే ఉండేలా చూడటం చెల్లింపుల ఇంజినీరింగ్‌లో సగం విద్య. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఖాతాలో కట్టయి అవతల ధ్రువీకరణ అందకపోతే, రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోగా డబ్బు తిరిగి జమ కావాలి. ఆ పైన రోజుకు రూ.100 పరిహారం. ఈ మాట ప్రశ్నలు-జవాబుల పేజీలో ఉంటే ఫోన్లు సగానికి తగ్గుతాయి.

ఆఖరి టికెట్ సమస్య ఇంతకన్నా ఆసక్తికరం. 200 బిర్యానీ టోకెన్లలో ఒక్కటి మిగిలింది. ఒకే క్షణంలో ఇద్దరి ఫోన్లు అడుగుతాయి. సర్వర్ మొదటివారి కోసం చూస్తుంది: ఒకటుంది. రెండోవారి కోసమూ చూస్తుంది: ఇంకా తగ్గించలేదు కాబట్టి ఒకటుంది. ఇద్దరికీ అమ్ముతుంది. ప్లేటు ఒక్కటే. చూడటం, తగ్గించడం అన్న రెండు పనులనూ మధ్యలో ఎవరూ దూరలేని ఒకే పనిగా చేస్తేనే ఇది తప్పుతుంది. మొత్తంగా జరగడమో, అసలు జరగకపోవడమో తప్ప సగంలో ఆగని ఇలాంటి పనిని డేటాబేస్ శాస్త్రం ట్రాన్సాక్షన్ అంటుంది. దీనికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడైన జిమ్ గ్రే 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. రైలు తత్కాల్ బుకింగ్ తెరిచిన నిమిషంలో ఒకే బెర్తు ఇద్దరికి పోకుండా కాపాడే సూత్రమూ ఇదే. బడి వెబ్‌సైట్‌కు కొత్త కోడ్ రాయనక్కర్లేదు, మామూలు డేటాబేస్‌లన్నిటిలో ఈ సదుపాయం ఉంది. వాడాలన్న స్పృహ కావాలి. స్ప్రెడ్‌షీట్‌ను డేటాబేస్‌లా వాడితే ఆ రక్షణ దొరకదు.

డబ్బు కట్టి టికెట్ కొన్నవారిలో కొందరికి బహుమతి తీసే లక్కీ డ్రా ఆలోచన ప్రతి కమిటీలోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. డబ్బు తీసుకుని అదృష్టం మీద బహుమతి ఇవ్వడం లాటరీ. అనుమతి లేని లాటరీ నేరం. ఆ పేజీని ప్రణాళికలోంచి కొట్టేయాలి.

పిల్లల పేర్లు, దాతల పేర్లు

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లి, తండ్రి లేదా సంరక్షకుల నిర్ధారిత అనుమతి కావాలి. అందుకే ఖాతాలు తల్లిదండ్రుల పేరిటే ఉండాలి, పిల్లవాడి తరగతి తప్ప మరేమీ అడగకూడదు. ఫొటో కింద పూర్తి పేరు, తరగతి, సెక్షన్ కలిపి రాయడం చట్టం సంగతి అటుంచి, మామూలు వివేకానికే విరుద్ధం. సాయం అందుకునే బడి పిల్లల దీనమైన ముఖాలను ముఖపత్రం మీద పెట్టడం అంతకన్నా ఘోరం. రేపు ఆ ఫొటోను వాళ్ల తోటివాళ్లే చూస్తారు.

ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించే అలవాటున్న చోట దాతల జాబితా తప్పక అడుగుతారు. పేరు వేయాలా, మొత్తం కూడా వేయాలా, అజ్ఞాతంగా ఉంచాలా అన్న ఎంపిక దాతకే ఇవ్వాలి. ముందుగా గుర్తు పెట్టి ఉంచాల్సింది అజ్ఞాతం గడిలో. జాబితా పేర్ల వరసలో ఉండాలి తప్ప మొత్తాల వరసలో కాదు. లేకపోతే వందరూపాయలు ఇచ్చిన ఆటోడ్రైవర్ పేరు అడుగున పడి, ఇంకోసారి ఆ ఇంటి నుంచి రూపాయి రాదు.

ఎంత వచ్చిందో చూపే కొలబద్ద పట్ల జాగ్రత్త కావాలి. గమ్యం దగ్గరపడేకొద్దీ ఎలుకలు వేగంగా పరిగెత్తుతాయని మనస్తత్వవేత్త క్లార్క్ హల్ 1932లో ప్రతిపాదించాడు. విరాళాల కొలబద్ద ఆ స్వభావాన్నే వాడుకుంటుంది. సున్నా దగ్గర ఉన్న కొలబద్ద ఉత్సాహాన్ని చంపుతుంది కాబట్టి కమిటీ సభ్యులు తమ వంతు ముందే వేసి, కొంత నిండాకే దాన్ని చూపించడం ఆనవాయితీ. అది నిజమైన డబ్బే కావాలి. ఇస్తామన్న మాటలు కలిపి నింపిన కొలబద్ద చివరి పేజీలో పట్టుబడుతుంది.

గేటు దగ్గర

మేళా రోజు వెబ్‌సైట్ చేసే మేలు గేటు దగ్గర కనిపిస్తుంది. గంటలో 1,200 మంది వస్తే నిమిషానికి 20 మంది. కాగితం జాబితాలో పేరు వెతకడానికి మనిషికి అర నిమిషం పడితే 10 మంది వెతికేవాళ్లు ఊపిరి పీల్చకుండా పనిచేయాలి. కోడ్ స్కాన్ చేయడానికి 5 సెకన్లయితే ఇద్దరు చాలు, కానీ వాళ్లు 83 శాతం సమయం పనిలోనే ఉంటారు. అంత నిండుగా పనిచేసే కౌంటరు ముందు జనం రాకలో కాస్త హెచ్చుతగ్గులున్నా వరస పెరిగిపోతుంది. మూడోవాడు కావాలి. నలుగురి కుటుంబానికి ఒకే కోడ్ ఇస్తే ఆ మూడోవాణ్ని పార్కింగ్‌కు పంపవచ్చు.

కుర్చీల లెక్కకు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఉంది. లోపల ఉండే సగటు జనం, గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు ఉండే గంటలతో హెచ్చవేసినంత. ఆ 1,200 మందీ మూడు గంటల్లో పరుచుకుని వచ్చి ఒక్కొక్కరు గంటన్నర ఉంటే, 400ను ఒకటిన్నరతో హెచ్చవేయగా 600. కుర్చీలు 600 మందికి వేస్తే చాలు. టికెట్ కొనేటప్పుడే ఏ గంటకు వస్తారో ఎంచుకోమంటే రాక అలా పరుచుకుంటుంది. వంటవాళ్లకు కూడా అదే మేలు.

మైదానంలో వెయ్యి ఫోన్లు చేరితే నెట్‌వర్క్ మందగిస్తుంది. టికెట్ల జాబితా గేటు దగ్గరి ఫోన్లలో ముందే దింపుకుని, నెట్ లేకుండా సరిచూసే ఏర్పాటు ఉండాలి. ఒకే టికెట్ రెండు గేట్లలో వాడకుండా గేట్లవారీగా టికెట్లు పంచాలి. దానికీ వెనుక అచ్చు వేసిన జాబితా ఒకటి, చార్జింగ్ అయిపోయే రోజు కోసం.

మరుసటి వారం మూడు జాబితాలు పక్కపక్కన పెట్టాలి: వెబ్‌సైట్ పద్దు, గేట్‌వే నివేదిక, బ్యాంకు స్టేట్‌మెంట్. గేట్‌వే డబ్బు ఒకటి రెండు పనిదినాలు ఆలస్యంగా, రుసుం మినహాయించి జమ చేస్తుంది కాబట్టి తేదీలు, మొత్తాలు అచ్చంగా కలవవు. ఆ తేడా వరసవరసకూ రాసి చూపితేనే పద్దు కుదిరినట్టు. డబ్బు పట్టని మూడో మనిషి దాన్ని చూసి సంతకం పెట్టాలి. అప్పుడు చివరి పేజీ తెరవాలి, బీరువాల బిల్లు ఫొటోతో సహా. రసీదుల పద్దును ఆడిట్ కోసం బడి ఆఫీసులో భద్రపరిచి, ఫోను నంబర్లను, పిల్లల తరగతులను వెబ్‌సైట్ డేటాబేస్‌లోంచి తుడిచేయాలి. చెల్లింపు ఫారం మూసేయాలి. తర్వాత వెబ్‌సైట్‌లో మిగలాల్సింది లెక్కల పేజీ ఒక్కటే. దాన్ని ఉంచడానికి 200 కిలోబైట్ల చోటు సరిపోతుంది.